చంద్రయ్యమ్మ అనుమానం

అనగనగా ఒక ఊళ్ళో... ముందు కళ్ళు మూసుకో, అప్పుడే చెబుతాను. ఆఁ, అలాగ. అనగనగా ఒక ఊళ్ళో, కొండల మధ్య ఒక కోట ఉండేదమ్మా. ఆ ఊరి పేరు పాలగెడ్డ. ఊరి పక్కన పారే గెడ్డ పేరే అది. కోటలో జమీందారుగారికి ఒక్కతే కూతురు, చంద్రయ్యమ్మ.

ఆమెకి నీలాద్రిరాజు అని మేనబావ. ఇద్దరూ ఆ కోటలోనే పెరిగారు. పొద్దున్న లేస్తే కీచులాట. సాయంత్రానికి ఒకరు కనబడకపోతే ఇంకొకరికి అన్నం సయించదు. పెద్దవాళ్ళు చూసి చూసి తాంబూలాలు పుచ్చేసుకున్నారు.

అప్పుడు దక్షిణాదిన ఎవరో రాజులు కొట్టుకుంటూ సాయం అడిగారు. జమీందారుగారు దండునిచ్చి నీలాద్రిని పంపారు. "పంట నూర్చేలోపు వచ్చేస్తా" అని గుర్రమెక్కాడు. ఆ తర్వాత యుద్ధం ఓడిపోయారు. శత్రువులు అతన్ని పట్టుకెళ్ళి చెరలో వేశారు. పాపం, ఆ సంగతి చంద్రయ్యమ్మకి తెలీదు.

ఆ తర్వాత జమీందారుగారు కాలం చేశారు. పెత్తనమంతా చంద్రయ్యమ్మ చిన్నాన్న భీమరాజు చేతికొచ్చింది. ఒకరోజు ఆయన వచ్చి, "అమ్మాయీ, మీ బావ అక్కడే పెళ్ళి చేసుకున్నాట్ట. ఇద్దరు పిల్లలట. నువ్వు మా బావమరిదిని చేసుకో" అన్నాడు.

ఆ మాట నమ్మితే చంద్రయ్యమ్మకి గుండె మండిపోయేది. నమ్మకపోతే, మరి బావ ఎందుకు రాలేదూ అనిపించేది. చిన్నాన్న మీదా అనుమానమే, బావ మీదా అనుమానమే. ఈ ఏడు నోముందని, వచ్చే ఏడు మూఢమని పెళ్ళి దాటేస్తూ వచ్చింది. అలా బావ వెళ్ళి తొమ్మిదేళ్ళయింది.

అప్పుడొక పొద్దున కోట గుమ్మంలోకి ఒక మనిషొచ్చాడు. పొట్టదాకా గడ్డం. చెంప మీద ఇంత పొడుగు కత్తిగాటు. వెన్ను కాస్త వంగింది. "నేను నీలాద్రిరాజుని" అన్నాడు. కోటలో ఒక్కళ్ళూ ఆనవాలు పట్టలేకపోయారు.

భీమరాజు చంద్రయ్యమ్మ దగ్గరికొచ్చి, "ఎవడో వేషగాడు. జమీ కోసం వచ్చాడు. మెడపట్టి గెంటించెయ్యనా?" అన్నాడు.

ఎందుకింత తొందర ఈయనకి, అనుకుంది చంద్రయ్యమ్మ. పైకి మాత్రం, "మూడు రోజులు ఉండనీయండి చిన్నాన్నా. నేనే కనిపెడతాను" అంది.

ఆ రోజుల్లో జమీందారీ ఆడవాళ్ళకి ఘోషా. పరాయి మగవాళ్ళకి కనబడకూడదు, తెర వెనక కూర్చునే మాట్లాడాలి. చంద్రయ్యమ్మ ఏంచేసిందంటే, తెర వెనక తన పీట మీద దాసీ పైడితల్లిని కూర్చోబెట్టింది. తను విసనకర్ర పుచ్చుకుని పక్కన నిలబడింది. "నిజంగా బావే అయితే ఇది నా గొంతు కాదని పోల్చుకోడూ" అని.

మొదటిరోజు అతనొచ్చి తెర ముందు కూర్చున్నాడు. "చిన్నప్పుడు ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలిచేవారు?" అని పైడితల్లి అడిగింది. "బొండాం" అన్నాడతను. నిజమే. కానీ అది కోటలో గుర్రాలవాడికి కూడా తెలుసు. పైడితల్లి ఎంతసేపు మాట్లాడినా అతను తల ఒక పక్కకి వంచి విన్నాడే గాని, ఇదేం గొంతని అడగలేదు. చంద్రయ్యమ్మకి అనుమానం మొదలైంది.

రెండోరోజు భోజనం పంపింది. అందులో కాకరకాయ పులుసు పెట్టించింది. బావకి చిన్నప్పుడు కాకరకాయంటే గిట్టదు. ఆకులో వేస్తే ఏడ్చేవాడు. ఈ మనిషి ముక్క మిగల్చకుండా తిని, వేళ్ళు నాకి, "ఇంకాస్త ఉందా?" అన్నాడు. చంద్రయ్యమ్మకి అనుమానం రెట్టింపైంది. "చెప్పానా!" అన్నాడు భీమరాజు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూస్తే ఆమెకి మళ్ళీ అనుమానం.

మూడోరోజు సభంతా నిండింది. భీమరాజు ఇద్దరు భటుల్ని వెనకే పెట్టుకున్నాడు. ఆమె కాదంటే చాలు, అతన్ని ఈడ్చుకుపోతారు.

అప్పుడతనే మొదలుపెట్టాడు. "అమ్మాయిగారూ, తమరికి ఎనిమిదేళ్ళప్పుడు గెడ్డ పొంగింది గుర్తుందా? ఇద్దరం అరటిబోదెల తెప్ప ఎక్కాం. తెప్ప బోర్లా పడితే, నేను తమర్ని జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగాను."

పైడితల్లికి ఏం తెలుసు పాపం! మర్యాదకి, "గుర్తు లేకేం, తమ చలవ వల్లే బతికాను" అంది.

"ఛీ, అబద్ధం!" అని ఒక్క కేక వినబడింది. విసనకర్ర నేలకేసి కొట్టింది చంద్రయ్యమ్మ. "ఎవరు ఎవర్ని లాగారు? నువ్వు గుడ్లు తేలేసి, అమ్మోయ్ అని అరుస్తుంటే నీ పిలక పట్టుకుని నేను లాగాను! పైగా ఇంట్లో చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నావు!"

అలా అనేసి నోరు మూసుకుంది. ఆ గెడ్డ దగ్గర ఆ రోజు వాళ్ళిద్దరే ఉన్నారు. మూడో మనిషికి ఆ సంగతి తెలీదు.

తెర అవతల అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "నువ్వేనా చంద్రీ? మొదటిరోజే ఆ గొంతు నీది కాదని తెలిసింది. భీమరాజుగారు జమీ కోసం ఎవర్నో తెచ్చి కూర్చోబెట్టారనుకున్నాను. నువ్వయితే ఇంత తప్పు మాట విని ఊరుకోవని ఇలా చెప్పాను."

"మరి కాకరకాయ తిన్నావే?"

"తొమ్మిదేళ్ళు చెరలో గంజి తాగానమ్మాయ్. చేదు కూడా బాగుంటుందని అక్కడ తెలిసింది."

అప్పుడు చంద్రయ్యమ్మ తెర పక్కకి లాగేసింది. సభలో వాళ్ళంతా గబగబా తలలు దించుకున్నారు. "మరి నీకు పెళ్ళయి పిల్లలున్నారన్నారే?"

"నాకా! అమ్మవారు పోసి నువ్వు చచ్చిపోయావని చెరలో నాకు తాటాకు కమ్మ వచ్చింది. కింద భీమరాజుగారి ముద్ర ఉంది."

ఇద్దరూ ఒక్కసారే ఆయన వైపు తిరిగారు. భీమరాజు కండువా సర్దుకుని, "కోట మంచికే చేశాను" అని గొణిగాడు.

"చాలు చిన్నాన్నా. దివాణం తాళాలు ఇక్కడ పెట్టి, పిన్నిని తీసుకుని మీ అత్తారింటికి దయచెయ్యండి" అంది చంద్రయ్యమ్మ. ఆయన తాళాల గుత్తి పెట్టాడు. భటులు పక్కకి తప్పుకుని దారిచ్చారు.

ఆ తర్వాత అందరూ వెళ్ళిపోయారు. అయినా ఆమెకి ఒక అనుమానం మిగిలింది. "బావా, నేను లేననుకున్నావు కదా. మరి ఎందుకొచ్చావు?"

అతను ఉత్తరీయం కొంగున ఉన్న చిన్న ముడి విప్పి చూపించాడు. నల్ల నువ్వులు.

"పెళ్ళి కాకుండా పోయిన పిల్లవి. నీకు ఎవరు వదులుతారు? చెరలోంచి బయటపడగానే, గెడ్డలో నువ్వులూ నీళ్ళూ నేనైనా వదులుదామని వచ్చాను. నువ్వు ఉన్నావని రేవులో పడవవాడు చెప్పాడు. నమ్మడానికి భయం వేసింది."

ఇన్నేళ్ళూ అతను ఎవరితోనో సుఖంగా ఉన్నాడని తిట్టుకుంది కదా చంద్రయ్యమ్మ! కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. తర్వాత ఆ నువ్వులన్నీ ఒక్క గింజ పోకుండా తన దోసిట్లోకి ఒంపుకుంది.

"ఇలా తే. పైడితల్లీ, బెల్లం దంచు. చిమ్మిలి చేద్దాం."

"అయ్యో, అమ్మాయిగోరూ! చచ్చినోళ్ళకి తెచ్చినవండీ!"

"నేను చావలేదుగా. ఆకలేస్తోంది."

రోట్లో నువ్వులూ బెల్లం కలిపి దంచి, మూడు ఉండలు కట్టారు. ఒకటి పైడితల్లికి. ఒకటి బావకి. ఒకటి చంద్రయ్యమ్మ తనే తింది, కళ్ళనీళ్ళతో, పళ్ళన్నీ నల్లగా చేసుకుని, నవ్వుతూ.

చిమ్మిలి నోటికి, చింత ఏటికి,
కథేమో కంచికి, కునుకేమో కంటికి,
నువ్వూ నేనూ మనింటికి.