కొబ్బరికాయ ఆగిన చోటు

ఊటలపాడు బడిలో లెక్కలు, సైన్సు చెప్పే శేషాచలం మాస్టారికి పెద్దవాళ్ళు ఏమన్నా తలూపే గుణం ఉండేది. హెడ్మాస్టరు ఎండ కాస్తోందన్నా ఊపేవాడు, అదే నోటితో వాన పడుతోందన్నా ఊపేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. పాఠం ఓపికగా చెప్పేవాడు, పిల్లల మీద ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. కానీ ఊళ్ళో నాలుగు డబ్బులున్నవాడు ఎదురుపడితే చాలు, ఆయన మెడలో ఎముక కరిగిపోయేది.

ఊటలపాడు కాలువకు కొట్టకొసన ఉన్న ఊరు. తూము దగ్గర నుంచి ఆరు కిలోమీటర్లు. పది రోజులకొకసారి ఆ ఊరికి నీళ్ళ వంతు వచ్చేది. ఆ రోజు ఉదయం ఎనిమిదికి లస్కరు తూము తలుపు ఎత్తేవాడు, మధ్యాహ్నం రెండు గంటలకు దించేవాడు. ఆ ఆరు గంటల నీళ్ళూ ఊటలపాడువే. అయితే అది కాగితం మీద మాట. చేలల్లోకి వచ్చేసరికి పాదం తడిసేపాటి నీళ్ళు కూడా ఉండేవి కావు. "కొసకు నీళ్ళు నిదానంగానే వస్తాయి, మీ రాత అంతే" అనేవాడు నీటి సంఘం పెద్ద పట్టాభిరామయ్య. రైతులు రాతను తిట్టుకుని ఊరుకునేవారు. రాతను తిట్టడానికి ఖర్చేముంది!

ఆ ఏడు వరి పొట్ట మీద ఉండగా వానలు మొహం చాటేశాయి. ఇంకొక్క మంచి తడి పడితే గింజ, పడకపోతే గడ్డి. ఏడో తరగతి చదివే ఎస్తేరు వాళ్ళమ్మ సువార్తమ్మకు ఎకరంన్నర చేను ఉండేది. ఆ తల్లీకూతుళ్ళకు దాన్ని మించిన ఆధారం లేదు. చేను నెర్రెలు తీస్తోందని సువార్తమ్మ రోజూ పొద్దున్నే వెళ్ళి చూసుకుని వచ్చేది.

సరిగ్గా ఆ వారమే మాస్టారు చలనం పాఠం మొదలుపెట్టాడు. బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి "ఇది కాలం" అన్నాడు. నిలువుగా ఒక గీత గీసి "ఇది దూరం" అన్నాడు. "బయలుదేరినప్పుడు ఒక చుక్క పెట్టండి. చేరినప్పుడు ఒక చుక్క పెట్టండి. రెండూ స్కేలుతో కలపండి. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. అయిపోయింది."

ఇరవై రెండేళ్ళుగా ఆయన ఇలాగే చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ బడిలో పిల్లలు గీసిన గ్రాఫులన్నీ తిన్నగా, ముచ్చటగా ఉండేవి.

ఎస్తేరు లేచి నిలబడింది. "మధ్యలో ఆగితే ఏం చెయ్యాలి సార్?"

"ఎవరు ఆగేది?"

"మన ఊరి ఆటో సార్. దారిలో టీ కొట్టు దగ్గర ఆగుద్ది కదా!"

పిల్లలందరూ గొల్లున నవ్వారు. మాస్టారు కూడా నవ్వేశాడు. "పుస్తకంలో ఆటో ఆగదమ్మా" అన్నాడు.

"పోనీ, మన ఊరికి నీళ్ళు ఎంత వేగంగా వస్తాయి సార్?"

మాస్టారికి తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందరూ నీళ్ళు వచ్చే చోట నిలబడి ఎదురుచూసినవాళ్ళే గానీ, నీళ్ళ వెంట నడిచినవాళ్ళు ఒక్కరూ లేరు. "తెలియదమ్మా. కొలుద్దాం" అన్నాడు. తెలియని సంగతి తెలియదని పిల్లల ముందు ఒప్పుకోవడం ఆయనలోని మంచి గుణం.

వంతు వచ్చిన రోజు ఇరవై ఎనిమిది మంది పిల్లలతో మాస్టారు తూము దగ్గరికి వెళ్ళాడు. పీచు ఒలవని కొబ్బరికాయ ఒకటి తీసుకెళ్ళాడు. "బెండు వేస్తే గాలికి కొట్టుకుపోతుంది. కాయ అయితే నీళ్ళలో సగం మునిగి నీళ్ళతోనే నడుస్తుంది" అని చెప్పాడు. కాలువ కట్ట వెంట కరెంటు స్తంభాలు ఉన్నాయి. టేపు పెట్టి కొలిస్తే స్తంభానికీ స్తంభానికీ యాభై మీటర్లు వచ్చింది. అంటే ఇరవై స్తంభాలు ఒక కిలోమీటరు. మాస్టారు చేతి గడియారం చూసి అరగంటకొకసారి టైము చెప్పాలి, అప్పుడు కాయ ఎన్నో స్తంభం దగ్గర ఉందో ఎస్తేరు రాయాలి.

ఎనిమిదికి తూము తలుపు లేచింది. కాయ బయలుదేరింది. ఎనిమిదిన్నరకు ఇరవయ్యో స్తంభం. తొమ్మిదికి నలభై. తొమ్మిదిన్నరకు అరవై. అక్కడ చిన్న కల్వర్టు ఉంది. కాయ కల్వర్టు ముందు గిర్రున తిరిగి ఆగిపోయింది.

ఒక పిల్లవాడు కర్రతో దాన్ని ముందుకు నెట్టబోయాడు. "ముట్టుకోకు. దాని నడక దాన్నే నడవనీ" అన్నాడు మాస్టారు.

పది అయింది. పదిన్నర అయింది. పిల్లలు కట్ట మీద కూర్చుని తెచ్చుకున్న అన్నం క్యారేజీలు విప్పారు. ఎస్తేరు మాత్రం ప్రతి అరగంటకూ రాస్తూనే ఉంది.

"అరవై, అరవై, అరవై. ఒకటే రాస్తావేంటే?" అన్నాడు కర్ర పిల్లవాడు.

"అక్కడే ఉంది కదరా. ఇంకేం రాయను?" అంది ఎస్తేరు.

కల్వర్టు ముందు నీళ్ళు మడుగు కట్టాయి. పక్కన కట్టలోంచి లావుపాటి గొట్టం ఒకటి ఆ నీళ్ళను గడగడా తాగుతోంది. గొట్టం రెండో కొస పట్టాభిరామయ్య చేపల చెరువులో ఉంది. కల్వర్టు కింద, నీళ్ళ అడుగున, రెండు చెక్క పలకలు అడ్డంగా దించి ఉన్నాయి. మాస్టారు వాటిని చూశాడు. చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

పదకొండున్నరకు చెరువు కడుపు నిండింది. నీళ్ళు పలకల మీద నుంచి పొర్లాయి, కాయ దూకి మళ్ళీ బయలుదేరింది. ఒంటిగంటకు నూట ఇరవయ్యో స్తంభం దాటి ఊటలపాడు చేరింది. ఇంకో గంటలో లస్కరు తూము దించేశాడు.

మర్నాడు క్లాసులో ఎస్తేరు చార్టు మీద పదకొండు చుక్కలు పెట్టి కలిపింది. గీత పైకి ఎక్కింది, మధ్యలో పడుకుంది, మళ్ళీ లేచి ఎక్కింది. అలాంటి గీత ఆ బడిలో ఎవరూ గీయలేదు. మాస్టారికి పట్టరాని సంతోషం కలిగింది. "చూశారా! గీత ఎక్కుతున్నంతసేపూ నీళ్ళు గంటకు రెండు కిలోమీటర్ల వేగంతో నడిచాయి. గీత పడుకున్న చోట కాలం గడిచింది గానీ దూరం గడవలేదు. అక్కడ వేగం సున్నా" అని చెప్పాడు. ఆ రోజు పాఠం చివరి బెంచీకి కూడా అర్థమైంది. చార్టు గోడకెక్కింది, సంగతి ఊరికెక్కింది.

ఊటలపాడు గోడు వినడానికి ఆదివారం నీటి సంఘం కూర్చోవాలి. శుక్రవారం సాయంత్రం బడి వదిలే వేళకు పట్టాభిరామయ్య వచ్చాడు. ఆ బడి బెంచీలు ఆయన ఇచ్చినవే. వాటిలో ఒకదాని మీద కూర్చుని చార్టు వైపు చూశాడు.

"బాగుంది మాస్టారూ. కాస్త వంకరగా ఉంది, అంతే. మొదటి చుక్క, చివరి చుక్క ఉంచి తిన్నగా గీయించండి. మీరు ఎప్పుడూ చెప్పే పద్ధతే కదా! ఆరు కిలోమీటర్లు, అయిదు గంటలు. అందులో అబద్ధం ఏముంది?"

నిజమే, అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అబద్ధాలలో అన్నిటికంటే గట్టి రకం అదే. తిన్నగా గీస్తే నీళ్ళు పాపం మెల్లగా నడిచాయని అనిపిస్తుంది. ఎక్కడా ఆగినట్టు ఉండదు.

"బదిలీల కాలం కూడా దగ్గర పడింది. నాకు పైన తెలిసినవాళ్ళు లేకపోలేదు" అని లేచాడు పట్టాభిరామయ్య.

మాస్టారు తలూపాడు.

ఆయన వెళ్ళగానే ఎస్తేరును పిలిచి రబ్బరు చేతికివ్వబోయాడు. "మధ్యలో చుక్కలు చెరిపేసి తిన్నగా గీసెయ్యమ్మా."

ఎస్తేరు చేతులు వెనక్కి పెట్టుకుంది. "చెరపను సార్."

"పెద్దవాళ్ళతో మనకెందుకమ్మా గొడవ?"

"కాయ రెండు గంటలు ఆగింది సార్. నేను చూశాను, మీరూ చూశారు. ఆగనట్టు గీస్తే, మా అమ్మ చేను ఎండటం నీళ్ళ తప్పు అవుద్ది. మా రాత తప్పు అవుద్ది. కావాలంటే నా మార్కులు తీసెయ్యండి సార్. చుక్కలు మాత్రం తియ్యను."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి. మాస్టారికి సిగ్గు వేసింది. పన్నెండేళ్ళ పిల్ల కాదనగలిగిన మాటకు యాభై ఆరేళ్ళ తను ఔనన్నాడు. బీరువాలో పాత రికార్డు పుస్తకాలు దొంతరలుగా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ తిన్నని గీతలు. వాటి కింద ఎన్ని ఆగిపోవడాలు మాయం చేయించానో అనుకున్నాడు. రబ్బరు కిటికీలోంచి బయటికి విసిరేసి, "ఇంటికి వెళ్ళమ్మా. చార్టు జోలికి ఎవరూ రారు" అన్నాడు.

ఆదివారం నీటి సంఘం షెడ్డు నిండిపోయింది. మాస్టారు చార్టు విప్పాడు. పడుకున్న గీత పడుకున్నట్టే ఉంది. పట్టాభిరామయ్య మొహం నల్లబడింది.

"కాయ నాచులో చిక్కుకుని ఉంటుంది. పిల్లకాయల ఆట పట్టుకొచ్చి పంచాయితీలో పెడతారా?" అన్నాడు.

వెనక తల్లి పక్కన నిలబడ్డ ఎస్తేరు గట్టిగా అంది: "అయితే ఇంకో కాయ వేద్దామండి. ఈసారి మీ చేత్తోనే వెయ్యండి. మేం పక్కన నడుస్తాం."

"ఎవరితో మాట్లాడుతున్నావే పిల్లా?"

"ఆ పిల్లతో కాదు, నాతో మాట్లాడండి" అంటూ మాస్టారు ముందుకు వచ్చాడు. "ఆ లెక్క నాది కూడా. అరవయ్యో స్తంభం దగ్గర కాయ రెండు గంటలు ఆగింది. కింద రెండు పలకలు దించి ఉన్నాయి. నా కళ్ళతో చూశాను. చూసి నోరు మూసుకున్నాను, అది నా తప్పు. బదిలీ చేయిస్తారా, చేయించండి. వెళ్ళిన ఊళ్ళో కూడా ఇదే గీత గీసి చూపిస్తాను."

సువార్తమ్మ చెంగు నడుముకు దోపుకుని కాలువ కట్ట వైపు నడిచింది. ఆమె వెనక షెడ్డంతా కదిలింది. అరవయ్యో స్తంభం దగ్గర లస్కరే కల్వర్టులోకి దిగి, నీళ్ళు తాగి ఉబ్బిన పలకలు రెండూ పీకి గట్టు మీద పడేశాడు.

సోమవారం ఊటలపాడుకు మళ్ళీ వంతు ఇచ్చారు. ఎనిమిదికి తూము ఎత్తితే పదకొండుకల్లా నీళ్ళు ఊరు చేరాయి. సువార్తమ్మ చేను చీలమండల దాకా తడిసింది, ఆ పంట గింజ కట్టింది. సంఘం పెద్దరికం పట్టాభిరామయ్యకు పోయింది. ఆ కోపంతో ఆయన మనుషుల్ని పంపి బడి బెంచీలు మోయించుకుపోయాడు. పిల్లలు నేల మీద బోర్లా పడుకుని గ్రాఫులు గీశారు. గీత ఎక్కడ ఆగిందో అక్కడ ఆపారు. "ఎందుకు ఆగింది?" అని పక్కనే రాశారు.

నీతి: కొలిచిన నిజాన్ని ఎంతటివాడు చెప్పినా దిద్దకూడదు, ఒకరి మెప్పు కోసం దిద్దిన లెక్క ఇంకొకరి పొట్ట కొడుతుంది.