తాతలకు వడ్డించిన సూపు

ఇంగ్లీషు దేశంలో బ్రాంబుల్టన్ ప్రభువని ఒక దొర. ఆ వంశంలో తొమ్మిదో ప్రభువు! ఆయన వంటమనిషి మార్తమ్మ సూపు కాచిందంటే, ఆ ఘుమఘుమకి నడిసముద్రంలో ఓడలు దారి మళ్లేవి. నమ్మనివాళ్లు ఓడలవాళ్లనే అడగొచ్చు.

కానీ ఆ ఇంటి ఆచారం పాడుగాను! దొర చెంచా ముట్టేముందు వందిమాగధుడు గోడమీది పటాలు చూపిస్తూ ఎనిమిదిమంది పూర్వీకుల బిరుదులూ చదవాలి. ఈలోగా సూపు మంచుగడ్డయ్యేది.

"రేపు కూడా చల్లారిందో, ఈ ఇంట్లో నీకు నూకలు చెల్లినట్టే!" అన్నాడు దొర.

మార్తమ్మ ఈ వయసులో ఎక్కడికి పోతుంది? పొయ్యి ముందు కూర్చుని ఆలోచించగా ఆలోచించగా నవ్వొచ్చింది.

మర్నాడు వందిమాగధుడు "మొదటి ప్రభువు, సింహవిక్రముడు..." అనగానే, ఆమె ఆ పటం ముందు గిన్నె పెట్టి సూపు పోసింది. రెండో పేరుకి రెండో గిన్నె. ఎనిమిదో ప్రభువు, అంటే దొరగారి తండ్రి, గిన్నె నింపేసరికి కుండ ఖాళీ.

"నా సూపేదే?" దొర గర్జనకి మూడు ఊళ్ల కిటికీలు అదిరాయి.

"పెద్దలుండగా చిన్నవారికి ముందు వడ్డిస్తే వంశమర్యాద ఏం కాను దొరా?"

"పిచ్చిదానా! చచ్చినవాళ్లకి సూపెందుకే?"

"మరి చచ్చినవాళ్ల కోసం బతికున్నవారి సూపు చల్లారడమెందుకు దొరా?"

తండ్రి పటం ముందు చివర పోసిన గిన్నె ఇంకా పొగలు కక్కుతోంది. దొర దాన్ని లాక్కుని జుర్రాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి వేడి సూపు!

అప్పట్నుంచి బిరుదులు భోజనమయ్యాకే చదివేవారు. మూడో తాత రాకముందే దొర గుర్రు పెట్టేవాడు.