నెలవంక చూసే మిద్దె

మూడో తరగతి పిల్లలు గొంతెత్తి ఎక్కాలు చెబుతుంటే పైనుంచి నీళ్ళు పడ్డాయి. ముందు చుక్కలు, కాసేపటికి ధార. పిల్లలు బల్లల కింద దూరి కేరింతలు కొట్టారు. వాళ్ళకది ఆట. ఖలందర్‌కి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

ఖలందర్ ఆ బడికి పెద్ద సారు. దర్గా పెద్ద గఫార్ సాయిబు గారికి శిష్యుడు కూడా. నాపరాళ్ళ గనుల్లో పనిచేసేవాళ్ళ పిల్లల కోసం సాయిబు గారి గురువుగారు దర్గా పక్కనే ఆ బడి కట్టించారు. టేకు దూలాలు, వాటిమీద ఇటుక, ఆపైన సున్నపు గచ్చు. ఊళ్ళో అంత ఎత్తైన మిద్దె ఇంకోటి లేదు గనక, రంజాను నెలవంక చూడ్డానికి ఏటా జనమంతా దానిమీదికే ఎక్కుతారు.

వాన వెలిసీ వెలవకముందే ఖలందర్ తడి చొక్కాతో గురువుగారి గదిలోకి వచ్చాడు. సాయిబు గారు చాప మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుతున్నారు.

"ఇంగ నావల్ల కాదు హజ్రత్. ఆ మిద్దె కూల్చాల్సిందే. ఎన్ని తూర్లు బాగుచేసినా ఇంతే. కుళ్ళిపోయింది అది. రేపో మాపో పిల్లోళ్ళ నెత్తిన పడుతాది. అప్పుడు ఎవరు జవాబు చెప్పాల?"

సాయిబు గారు తస్బీ పక్కన పెట్టారు.

"ఖాదర్ సేట్ కొత్త బిల్డింగు కట్టిస్తానంటాండాడు. ముందు పాతది తీసేసి జాగా చదును చేయాలంట. శుక్రవారం నమాజు కాంగానే బుల్డోజరు తెస్తాడు. నేను సరేనన్నా."

"పక్కూళ్ళో కూడా అట్లనే తీసేసినారు గదా బడి?" అన్నారు సాయిబు గారు.

పక్కూరి సంగతి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. పాత బడిని ఒక్క పూటలో నేలమట్టం చేశారు. కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగి, పునాదులు తవ్వారు. స్తంభాలు లేచాయి. అంతే. ఇనుప చువ్వలు ఇప్పటికీ తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. కట్టిస్తామన్న పెద్దమనుషులు మళ్ళీ ఆ దారిన వస్తే ఒట్టు. పిల్లలు కొన్నాళ్ళు చెట్టు కింద కూర్చున్నారు. ఎండాకాలం వచ్చింది, వానాకాలం వచ్చింది, ఎవరికి వాళ్ళు పత్తి చేలల్లో క్రాసింగు పనికి పోయారు. పూలకు పుప్పొడి రాసే ఆ చిన్న వేళ్ళు మళ్ళీ పలక పట్టలేదు. ఆ పాపానికి సిగ్గుపడిన మనిషి ఒక్కడు కూడా కనబడడు.

"ఖాదర్ సేట్ అట్లాంటోడు కాదు హజ్రత్," అన్నాడు ఖలందర్. "అయినా పడిపోయేదాని కింద పిల్లోళ్ళను ఎట్లా కూర్చోబెట్టేది?"

అది న్యాయమైన ప్రశ్నే. సాయిబు గారు లేచి బడిలోకి నడిచారు. ఖలందర్‌ని బల్ల ఎక్కించి, అతని చేతే దూలాలన్నిటినీ సుత్తితో కొట్టించారు. ఒక్కోటీ గట్టిగా పలికింది. చెద లేదు, పుచ్చు లేదు.

"దూలాలు బాగుంటే ఏం లాభం? కుళ్ళింది పైన," అన్నాడు ఖలందర్, బల్ల దిగుతూ.

"నువ్వు మిద్దె ఎప్పుడెక్కినావు?"

"రంజానుకు. మీతోనే గదా హజ్రత్."

"ఏం చూసినావు?"

"నెలవంక."

"కాళ్ళ కింద?"

ఖలందర్ తలెత్తి పైకప్పు వైపు చూశాడు.

"నేనూ చూడలేదులే," అన్నారు సాయిబు గారు.

ఇద్దరూ మెట్లెక్కి పైకి వెళ్ళారు. మిద్దె మీద నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. సాయిబు గారు అతని చేతిలో ఉలి పెట్టారు.

"కూల్చేదే గదా. నువ్వే మొదలుపెట్టు. మూడో తరగతి పైన కొట్టు."

ఖలందర్ తన కోపమంతా ఉలి మీద చూపించాడు. ముందు తెల్లరంగు పొర అప్పడంలా లేచి వచ్చింది. దాని కింద సిమెంటు. సిమెంటు నిండా పగుళ్ళు, పగుళ్ళ నిండా నీళ్ళు.

"ఏ బుద్ధి లేనోడు పోసినాడు దీన్ని?" అన్నాడు ఖలందర్. "కింద ఏముందో చూసుకోకుండా పైన పోసి చేతులు దులుపుకుని పోయినాడు."

సిమెంటు కింద తారు. ఉలి దిగగానే నల్లటి నీళ్ళు చిమ్మి మొహాన పడ్డాయి. తుడుచుకుంటూ ఆ తారు పూసినవాణ్ణి, పూయించినవాణ్ణి కలిపి తిట్టాడు. తారు కింద మళ్ళీ సిమెంటు. అది ఇంకా పాతది. దానిమీద మేక గిట్టల గుర్తులున్నాయి. పచ్చి సిమెంటు మీద మేకలు తిరుగుతుంటే అదిలించే దిక్కు కూడా లేదన్నమాట ఆ రోజున.

పిట్టగోడ దగ్గరికి వచ్చేసరికి ఖలందర్‌కి ఒళ్ళు మండిపోయింది. వాననీళ్ళు బయటికి పోవడానికి కట్టినప్పుడు పెట్టిన తూము అక్కడ ఉంది. పొర మీద పొర పోసినకొద్దీ మిద్దె లేచింది, తూము కిందికి పోయింది. ఇప్పుడు దాని పైఅంచు మాత్రమే గీతలాగా కనిపిస్తోంది.

"నీళ్ళు పొయ్యే దారే మూసేసినారు హజ్రత్! ఒకడు మూసింది చాలక ఇంకొకడు! ఇంగ నీళ్ళు యాడికి పోవాల, పిల్లోళ్ళ మీదికి గాక? వీళ్ళు మనుషులేనా? పేరు పేరునా పిలిపించి ఊళ్ళో నిలబెట్టాల ఒక్కొక్కన్ని."

"నిలబెడదాం," అన్నారు సాయిబు గారు. "పైపొర నుంచే రా. ఆ తెల్లరంగు ఎవరు పూయించినారు?"

ఉలి ఆగిపోయింది.

పూయించింది ఖలందరే. నిరుటి ముందటేడు ఎండాకాలంలో టౌను నుంచి డబ్బాలు తెప్పించి, గొడుగు వేసుకుని కింద నిలబడి పూయించాడు. బడి తెరిచిన రోజు ప్రార్థన అయ్యాక, ఇంక ఒక్క చుక్క కూడా కారదని పిల్లలకి చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రంగు కింద పగుళ్ళున్నాయా, తూము తెరిచి ఉందా అని ఎవరూ అడగలేదు. తనకూ తోచలేదు.

ఖలందర్ తలెత్తలేకపోయాడు. ఇందాకటినుంచి తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. గురువుగారు ఒక్క మాటంటే బాగుండుననిపించింది. ఆయన అనలేదు. ఎక్కడినుంచో ఒక పాత తాపీ తెచ్చుకుని, పక్కనే గొంతుక్కూర్చుని, లేచిన పొరను గీకడం మొదలుపెట్టారు.

"గీకు," అన్నారు.

పొద్దు వాలే వేళకి ఉలి గచ్చుకి తగిలి జారింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ జారింది. అరచేత్తో తుడిచి చూశాడు. తెల్లగా, నున్నగా, రాయిలా ఉంది గచ్చు. ఒక మూలన మాత్రం జానెడు పగులు. ఆ జానెడు పగులును ఎవరైనా ఒకరు వంగి చూసి, ఇంత సున్నం పెట్టి ఉంటే సరిపోయేది. అది చేతగాక ఇన్ని పొరలు పోశారు, బడి మోయలేనంత బరువు దాని నెత్తిన పెట్టారు, చివరికి అదే కుళ్ళిపోయిందని దానిమీదే నేరం మోపారు.

మర్నాటినుంచి పిల్లల తల్లిదండ్రులు కూడా వచ్చి చెయ్యేశారు. రాళ్ళు కొట్టే చేతులు వాళ్ళవి. శుక్రవారానికల్లా పొరలన్నీ లేచాయి, తూము పూర్తిగా బయటపడింది. సేట్‌కి ముందే కబురు పెట్టడానికి మాత్రం ఖలందర్‌కి మొహం చెల్లలేదు.

శుక్రవారం నమాజు కాగానే ఖాదర్ సేట్ వచ్చాడు. వెనక బుల్డోజరు, దాని మెడలో బంతిపూల దండ, ఫొటోలు తీసేవాడు. వింత చూడ్డానికి ఊరు ఊరంతా పోగైంది.

"పిల్లోళ్ళను పంపించేసినావా సారూ?" అన్నాడు సేట్, కారు దిగుతూనే.

హజ్రత్‌కి ఇష్టం లేదని ఒక్క మాట అంటే చాలు. సేట్ ఆయన మాటకు ఎదురు చెప్పడు, ఇంకో ప్రశ్న అడగడు. సాయిబు గారు కూడా అక్కడే గేటు పక్కన నిలబడి ఉన్నారు, ఏమీ పట్టనట్టు. ఖలందర్ ఆయన వైపు చూడకుండా సేట్‌కి ఎదురుగా వెళ్ళాడు.

"కూల్చే పని లేదు సేట్. మిద్దె గట్టిగా ఉంది," అన్నాడు. "కుళ్ళిపోయిందని మీతో చెప్పింది నేనే. పైకెక్కి చూడకుండా చెప్పినా. నీళ్ళు పొయ్యే దారి మూసినోళ్ళల్లో నేనూ ఉండా."

సేట్ మొహం మాడిపోయింది. "నన్ను ఇంతమందిలో పిలిపించి నవ్వులపాలు చేస్తావా? కొత్త బిల్డింగు ఇస్తానంటే పాతదాన్ని గీక్కుంటా కూర్చుంటారా? పిల్లోళ్ళు ఏడాదో రెండేండ్లో ఇండ్లకాడ ఉంటే ఏం మునిగిపోతాది?"

అప్పుడు ఖలందర్‌కి నిజంగా కోపం వచ్చింది. ఈసారి అరవలేదు.

"ఇండ్లకాడ ఉండరు సేట్. పత్తి చేలల్లో ఉంటారు. మీ బిల్డింగు లేచేతలికి దాంట్లో కూర్చోను ఒక్క పిల్లోడు మిగలడు."

గుంపులో గనుల వాళ్ళు సేట్ వైపే చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ పక్కకి జరగలేదు. సేట్ ఇంకేదో అనబోయి, దండ పీకి కారులో పడేసి ఎక్కాడు. బుల్డోజరు వచ్చిన దారినే మళ్ళింది.

అది సందు తిరిగేలోగానే వెనకనుంచి ఎవరో, "మన పెద్ద సారే మూసినాడంట తూము!" అన్నారు. కిసుక్కున ఒకరు నవ్వారు. ఆ నవ్వు గుంపంతా పాకింది. నవ్వుకుంటూనే జనం ఇళ్ళకి పోయారు.

ఖలందర్ బడి మెట్ల మీద కూలబడ్డాడు.

"ఊరందరి ముందర పరువు పోయింది హజ్రత్."

"పోయిందా?" అన్నారు సాయిబు గారు. "అయితే పా. ఆ జానెడు పగులుకు సున్నం నానెయ్యాల."