చిటారుకొమ్మ మీది దగ్గు

అనగనగా ఒక అడవిలో, కాల్చిన దుంపల రుచి ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో, ఒక కొండముచ్చుల గుంపు ఉండేది. వాటి మొహాలు నల్లన, తోకలు పొడుగు, కబుర్లు ఇంకా పొడుగు. ఆ గుంపుకు పెద్ద చలమయ్య. అతని తోక అందరి తోకల కన్నా మూరెడు పొడుగు. పెద్దరికం రావడానికి అంతకు మించిన అర్హత ఏదీ అతనికి ఉన్నట్టు ఎవరికీ గుర్తు లేదు. అయినా ఎవరూ అడగలేదు.

ఆ గుంపుకు ఒక ఆచారం ఉంది పిల్లలూ. వాగు ఒడ్డున ఒక నల్లమద్ది చెట్టు ఉంది. దాని చిటారుకొమ్మ మీద రోజూ ఒక పిల్ల కాపలా కూర్చోవాలి. ఆ కొమ్మ సన్నం. పెద్దవాళ్ళు ఎక్కితే వంగిపోతుంది. అందుకని ఆ పని పిల్లలకే వచ్చింది. చిరుతపులి కనబడగానే పైనున్న పిల్ల గట్టిగా కూత పెడుతుంది. అది వినగానే కొండముచ్చులు కొమ్మలెక్కుతాయి, జింకలు పరుగు తీస్తాయి. అంత పెద్ద అడవి అంత చిన్న గొంతును నమ్ముకుని నిశ్చింతగా మేసేది.

అందరిలోకీ మంచి గొంతు గోరింటది, అందుకని ఎక్కువగా అదే కాపలా కూర్చునేది. గోరింట చలమయ్యకు మనవరాలు, కూతురు మంగతాయి బిడ్డ. అది కూత పెడితే అవతలి కొండ మీద నెమళ్ళు కూడా తల తిప్పేవి. అలాంటప్పుడు చలమయ్య మీసం దువ్వి, ఆ గొంతు తన పోలికే అనేవాడు.

ఇలా ఉండగా నాంచారయ్య అనే నక్క ఆ అడవికి వచ్చింది. నల్లమద్ది మొదట్లోనే దుంపలు కాల్చే బట్టీ పెట్టింది. ఎండుకట్టెలు ఏరడానికి దానికి ఒళ్ళు వంగలేదు. రోడ్డు పక్కన మనుషులు పారేసిన టైరు ముక్కలు, ప్లాస్టిక్ సంచులు ఈడ్చుకొచ్చి బట్టీలో పడేసింది. దుంపలు మాత్రం కమ్మగా కాలాయి. మొదటి వాయిలో మొదటి దుంపను తామరాకులో పెట్టి, వంగి వంగి చలమయ్య ముందు ఉంచింది.

"పెద్దయ్యగారూ, మీరు సరేనంటే ఈ బట్టీ ఇక్కడే ఉంటుంది. రోజూ తొలి దుంప మీదే" అంది.

చలమయ్య దుంప కొరికాడు. కళ్ళు మూసుకున్నాడు. సరేనన్నాడు. అడవి అభివృద్ధి అంటే ఇదేనని కూడా అన్నాడు, కాకపోతే నోట్లో దుంప ఉండటం వల్ల ఆ మాట ఎవరికీ సరిగా అర్థం కాలేదు.

బట్టీలో నుంచి నల్లటి పొగ లేచింది. పొగకు కిందనున్నవాళ్ళతో పని లేదు కదా. నిటారుగా పైకి పోయి, చిటారుకొమ్మ చుట్టూ కమ్ముకుని కూర్చుంది.

కొన్నాళ్ళకు మంగతాయి తండ్రి దగ్గరికి వచ్చింది. పిల్ల పడుకున్నా దగ్గే, లేచినా దగ్గే అని చెప్పింది. కళ్ళు ఎర్రగా ఉంటున్నాయని, బట్టీ పొగే దానికి కారణమని చెప్పింది.

చలమయ్య నేల మీద కూర్చుని గట్టిగా గాలి పీల్చాడు. దుంప వాసన తప్ప ఏమీ తగల్లేదు.

"పొగెక్కడుంది?" అన్నాడు.

"పైన ఉంది నాన్నా. ఒక్కసారి పైకొచ్చి, నీ మనవరాలు కూర్చునే చోట కూర్చో. చాలు" అంది మంగతాయి.

తనకు మోకాళ్ళ నొప్పులన్నాడు చలమయ్య. ఈ కాలం పిల్లలకు చెట్టెక్కాలంటే బద్ధకమని, దగ్గు దానికో వంక అని చెప్పి పంపేశాడు.

మళ్ళీ కొన్నాళ్ళకు మంగతాయి వచ్చింది. ఈసారి ఇంకో ఇద్దరు తల్లులను కూడా వెంటబెట్టుకొచ్చింది. ముగ్గురు ఆడవాళ్ళు ఒక్కసారే వచ్చేసరికి చలమయ్యకు కాస్త భయం వేసింది. వెంటనే ఒక విచారణ సంఘం వేశాడు. అందులో ఒక అడవిపంది, ఒక తాబేలు, ఒక అడవిదున్న. సంఘం వారికి దారి చూపించే బాధ్యత నాంచారయ్య తీసుకుంది. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే పిల్లలూ.

ముందు ముగ్గురికీ వేడివేడిగా దుంపలు పెట్టింది. తర్వాత విచారణ జరిగింది. అడవిపంది బురదలో ముక్కు పెట్టి వాసన చూసింది. తాబేలు మెడ లోపలికి లాక్కుని ఆలోచించింది. దున్న మడుగులో పడుకునే తల ఊపింది. తల పైకెత్తడం ముగ్గురిలో ఎవరికీ అలవాటు లేదు. నేల మీద పొగ లేదని, నేల మీద లేనిది అడవిలో లేనట్టేనని తేల్చేశారు. చెట్టు మీద నల్లగా కనబడేది కేవలం మంచు అట. ఎండాకాలంలో మంచు ఏమిటని మంగతాయి అడిగింది. సంఘం వారు భోజనం చేసి అలసిపోయారని, ఇంకేమీ అడగవద్దని నాంచారయ్య చెప్పింది.

"విన్నావుగా. పొగెక్కడుంది?" అన్నాడు చలమయ్య.

మూడోసారి మంగతాయి ఒక్కతే వచ్చింది, గోరింటను చంకన వేసుకుని. ఒకప్పుడు గెంతుతూ చెట్టెక్కిన పిల్ల ఇప్పుడు రెండు కొమ్మలెక్కి ఆయాసంతో ఆగిపోతోంది. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. ఛాతీలో పిల్లికూతలు. కూత పెడదామని నోరు తెరిస్తే దగ్గు తప్ప ఏమీ రావడం లేదు.

పిల్లను చూడగానే చలమయ్య గుండె జల్లుమంది. ఎంతైనా తాత కదా. బట్టీ తీసేయమనే మాట గొంతు దాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే నాంచారయ్య వేడి దుంప తెచ్చి చేతిలో పెట్టింది. గొంతు దాకా వచ్చిన మాట ఆ దుంపతో పాటు మళ్ళీ కిందికి దిగిపోయింది. పైగా నక్క, దగ్గుకు మంచిదని ఒక తాయెత్తు కూడా ఇచ్చింది. అది టైరు ముక్కతో చేసిన తాయెత్తు.

చలమయ్య దాన్ని మనవరాలి మెడలో కట్టబోయాడు. మంగతాయి ఆ తాయెత్తు లాగి బట్టీలో పారేసింది. బిడ్డను ఎత్తుకుని వాగు దాటి, గాలి బాగుండే అవతలి గట్టుకు వెళ్ళిపోయింది. వెళ్తూ ఒకే మాట అంది.

"నువ్వు పైకి రాలేదు నాన్నా. ఒక్కసారి కూడా రాలేదు."

చలమయ్యకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి కోపం త్వరగా వస్తుంది. పోతే పోయిందని, కాపలాకు ఇంకో పిల్లవాణ్ణి ఎక్కించాడు. వాడూ నాలుగు రోజులకే దగ్గడం మొదలుపెట్టాడు. తల్లులు గుసగుసలాడుతుంటే గుంపునంతా పిలిచి చాటింపు వేశాడు. పైన కూర్చున్న పిల్లలు దగ్గుతారు, అది మామూలే, దగ్గు వినబడినంత మాత్రాన ఎవరూ తల ఎత్తి చూడనక్కర్లేదు అని.

ఒకనాటి పొద్దున గుంపంతా మేతకు గుట్ట వాలుకు వెళ్ళింది. చలమయ్య మాత్రం తొలి దుంప కోసం బట్టీ దగ్గర కూర్చున్నాడు. పైన పిల్లవాడు దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. కూత పెట్టబోయి ఊపిరాడనట్టు దగ్గి, పక్క చెట్టు మీదికి దూకి ఆకుల చాటున దాక్కున్నాడు. చలమయ్య తల ఎత్తలేదు. తను వేసిన చాటింపు తనే పాటించకపోతే ఎలా.

నాంచారయ్య మాత్రం పొదల వైపు చూసింది. పెద్దయ్యగారితో ఒక్క మాటైనా చెప్పకుండా బొరియలోకి దూరిపోయింది.

చిరుత దూకింది. చలమయ్య గెంతాడు గానీ అంత పొడుగు తోక అంత తొందరగా గెంతలేదు. చివరి మూరెడు చిరుత నోట్లో ఉండిపోయింది. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో ఏమో, చలమయ్య ఒక్క ఊపున చిటారుకొమ్మకు చేరాడు. కొమ్మ వంగింది గానీ విరగలేదు. చిరుత కింది పంగలో తీరిగ్గా పడుకుని ఎదురుచూడసాగింది.

అప్పుడు కనబడింది చలమయ్యకు పొగ.

కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. ముక్కులో మంట. ఊపిరి తీస్తే మసి, వదిలితే దగ్గు. కూత పెట్టి గుంపును పిలుద్దామని నోరు తెరిచాడు. ఖళ్ళుఖళ్ళున దగ్గొచ్చింది. గుట్ట మీది వాళ్ళకు ఆ దగ్గు వినబడింది. ఆ నల్లటి పొగలో ఉన్నది ఎవరో వాళ్ళకు కనబడలేదు. పెద్దయ్య చెప్పాడుగా, పిల్లల దగ్గు మామూలేనని ఒకరితో ఒకరు చెప్పుకుని మేతలో పడ్డారు. గాలివాటున ఈ మాట చలమయ్య చెవిన పడింది. దాదాపు రెండు నెలల పాటు తన మనవరాలు ఈ చోటే కూర్చుందని, కింద తను పొగెక్కడుందంటూ కూర్చున్నానని గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

వాగు అవతల గోరింట మంచి గాలిలో కాస్త తేరుకుంది. చెట్టెక్కి ఆడుకుంటుంటే పొగ కింద వేలాడుతున్న మచ్చల తోక కనబడింది. నోరు తెరిచింది. దగ్గొచ్చింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ దగ్గే. తల్లి వీపు నిమిరింది. మూడోసారి కూత వచ్చింది. మునుపటంత గట్టి కూత కాదు, మధ్యలో జీర కూడా ఉంది. అయినా గుంపంతా విని, ఒక్కసారే లేచి కేకలు పెట్టింది. జింకలు పరుగు తీశాయి. తన గుట్టు బయటపడిపోయిందని చిరుత విసుక్కుంటూ దిగి వెళ్ళిపోయింది.

ఆ రోజే చలమయ్య తన చేతులతో బట్టీని వాగు నీళ్ళు పోసి ఆర్పి, మట్టితో పూడ్చేశాడు. నాంచారయ్య ఆ అడవిలో మళ్ళీ కనబడలేదు. ఇంకో అడవిలో ఇంకో పెద్దయ్యకు తొలి దుంప పెడుతోందని విన్నాను.

చలమయ్య మొండి తోకతో వాగు దాటి వెళ్ళాడు. గోరింట ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. ఛాతీలో పిల్లికూత ఇంకా పూర్తిగా పోలేదు. ఎప్పటికి పోతుందో ఎవరికీ తెలియదు. అది వింటుంటే చలమయ్య కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఎందుకేడుస్తున్నావు తాతా?" అంది గోరింట.

"ఏడవడం కాదమ్మా. కళ్ళల్లో పొగ పడింది."

పిల్ల చుట్టూ చూసింది. ఆకాశం తేటగా ఉంది.

"పొగెక్కడుంది తాతా?" అంది.

నీతి: గాలి ఎలా ఉందో దాన్ని పీల్చే పసిపిల్లను అడగాలి గానీ, బట్టీ పక్కన కూర్చుని దుంపలు తినేవాణ్ణి కాదు.