మసక దుర్బీను

కృపామణికి పొద్దున పూట ఏ దిగులూ ఉండేది కాదు. ఎనిమిదింటికి బోర్లా పడుకుని తుపాకీ భుజానికి ఆనించిందంటే, ఆరువందల మీటర్ల అవతలి బోర్డుకి నడిబొడ్డున దిగేది తూటా. పదకొండు దాటిందో, ఇక అంతే సంగతులు. అదే చెయ్యి, అదే తుపాకీ, అదే ఊపిరి. తూటాలు మాత్రం కట్టు విప్పిన మేకల్లా తలో దిక్కు పోయేవి.

జట్టులో నలుగురికే చోటు. రెండేళ్ళుగా ఆమెది ఐదో స్థానం. ఈసారి ఎంపిక పోటీ ఆదివారం, అదీ మిట్టమధ్యాహ్నం. "ఇప్పుడు కూడా ఐదోదాన్నే అయితే తుపాకీ అప్పజెప్పేసి ఊరగాయలు పెట్టుకుంటా" అని ఇంట్లో శపథం చేసింది. ఊరగాయలు పెట్టడం ఆమెకు రాదు, అది వేరే సంగతి.

లోపం ఎక్కడుందో ఆమె ఎప్పుడో తేల్చేసింది. స్పాటింగ్ స్కోప్‌లో ఉంది. తుపాకీ పక్కన స్టాండు మీద పెట్టుకుని, తూటా బోర్డులో ఎక్కడ దిగిందో చూసుకునే దుర్బీను అది. ఆమె దగ్గరున్నదాంట్లో ఎండెక్కేసరికి బోర్డు వణుకుతుంది. మంచి అద్దాలున్నది కొంటే సరి! అద్దాల సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? జూనియర్ కాలేజీలో ఎనిమిదేళ్ళుగా ఫిజిక్స్ చెబుతోంది. కటకాలు, కాంతి, వక్రీభవనం, నిద్రలో లేపి అడిగినా పొల్లుపోకుండా అప్పజెబుతుంది.

బెంగళూరు నుంచి ఒక దుకాణం వాళ్ళు చూసుకోమని రెండు స్కోపులు పంపారు. నచ్చింది ఉంచుకుని, నచ్చనిది శనివారం సాయంత్రానికల్లా తిప్పి పంపాలి. ఒకటి అరవై రెట్లు దగ్గర చేసి చూపించే భారీది. ఇంకోటి పొట్టిది, దాంట్లో సగం కూడా చూపించదు. రెండూ మోసుకుని శనివారం అనంతపురం అవతల కొండ కిందున్న షూటింగ్ రేంజికి వచ్చింది.

ఆమె గురువు సుబేదార్ దస్తగిరి సాహెబు రేకుల షెడ్డు నీడలో శనక్కాయలు వలుచుకుంటున్నాడు. పటాలంలో ముప్పైయేళ్ళు గురి నేర్పినవాడు. చదువు ఏడో తరగతితో సరి. ఆయన ముందు మూడుకాళ్ళ స్టాండు మీద ఆయన సొంత స్కోపు, ఎండ తగలకుండా పాత లుంగీ గుడ్డ చుట్టుకుని కూర్చుంది.

పొద్దున రెండు స్కోపుల్లోనూ బోర్డు ముత్యంలా కనిపించింది. పన్నెండయ్యేసరికి కృపామణి మొహం మాడిపోయింది.

"ఇది ఉత్త దండగ గురువుగారూ" అంది పెద్దదాన్ని చూపించి. "బోర్డు అన్నం కుండలా కుతకుతలాడుతోంది. చిన్నది కాస్త నయం, కానీ అదీ వణుకుతోంది. ఏం అద్దాలండీ ఇవి! రెండూ వెనక్కి పంపేస్తా. ఏది కొనమంటారో మీరే చెప్పండి."

"అద్దాలు చదివినదానివి నువ్వు. నన్నడిగితే ఏం చెప్తా తల్లీ? వాటిని పక్కన పెట్టి పండుకో. పది తూటాలు కాల్చు. నేను చూస్తాండా."

"మీ దాంతోనా?" అనబోయి నాలుక కరుచుకుంది. ఆ స్కోపుకి ఆమె వయసుంటుంది. పైగా సాహెబు కళ్ళకు శుక్లాలు.

పడుకుని గురి పెట్టింది. గాలి వాటం తెలియడానికి పక్కన పాతిన జెండా తడిబట్టలా వేలాడుతోంది.

"ఎడమకి రెండు క్లిక్కులు" అన్నాడు సాహెబు.

"గాలే లేదు గురువుగారూ. జెండా చూడండి."

"జెండా మనకాడుంది. తూటా పోయేది ఆడికి. తిప్పమ్మా."

తుపాకీ మీద గురి జరిపే మరని టిక్కు టిక్కుమని రెండుసార్లు తిప్పింది, కాల్చింది.

"ఆగు" అన్నాడు. ఆగింది. వెనక శనక్కాయ పటుక్కుమంది. "ఇంకా ఆగు." ఇంకోటి పటుక్కుమంది. "ఇప్పుడు కుడికి మూడు. కానీ!"

పది తూటాలూ అట్లాగే అయ్యాయి. లేచి బోర్డు దాకా నడిచి చూసింది. తొమ్మిది నల్లని నడిచుట్టులో ఉన్నాయి, పదోది దాని అంచు కొరికింది. కృపామణి కెవ్వుమని అరిచి, అంత ఎండలో ఆరువందల మీటర్లూ పరుగెత్తుకుంటూ వచ్చింది. కాలేజీ పిల్లలు చూసుంటే ఏడాదంతా చెప్పుకునేవాళ్ళు.

"ఇదేనండీ నాక్కావలసిన స్కోపు!" అని రొప్పుతూ సాహెబు దుర్బీనుకి కన్ను ఆనించింది. ఆనించి, కొయ్యబారిపోయింది.

"గురువుగారూ, దీంట్లో బోర్డే కనపడట్లేదు! అంతా మసకే!"

"బోర్డు యాడికి పోతాది తల్లీ?" అన్నాడు సాహెబు. "పాతిన చోటే ఉంటాది. పోయేది గాలి."

మసక సరిచేద్దామని స్కోపు మర మీదికి పోయిన ఆమె వేళ్ళు అక్కడే ఆగాయి. మళ్ళీ చూసింది. ఆ మసకలో ఏదో పారుతోంది. సన్నటి చారలు, ఎడమ నుంచి కుడికి, పిల్లకాలువలో నీళ్ళలా. చూస్తుండగానే నెమ్మదించాయి, నిలబడ్డాయి, నిటారుగా కుతకుతలాడాయి. కాసేపటికి కుడి నుంచి ఎడమకి పారడం మొదలుపెట్టాయి. పక్కన జెండా మాత్రం ఇంకా నిద్రపోతూనే ఉంది.

"ఎండమావులు! దారిలో గాలి ఎటు పోతే ఇవీ అటే!" అంది కృపామణి. అని, నేల మీద చతికిలబడి పడీపడీ నవ్వింది. "అయ్యో రామా! ఆ పాఠం చెప్పేది నేనే కదండీ! బొమ్మ గీసి, బాణాలు పెట్టి మరీ చెప్తాను! ఇంతకాలం అద్దాల్ని తిడుతూ కూర్చున్నాను!"

సాహెబు కూడా నవ్వాడు. ఒళ్ళో తొక్కలన్నీ కింద పడ్డాయి.

సాయంత్రం పెద్ద స్కోపు బెంగళూరు బస్సెక్కింది. పొట్టిది ఉండిపోయింది. పడుకున్నప్పుడు మోచెయ్యి కదపకుండా ఒక్క వేలితో దాని మర తిప్పొచ్చు. ఎంచుకోవడానికి ఆ ఒక్క కారణమే చాలింది ఆమెకు.

ఆదివారం మధ్యాహ్నం అదే రేంజిలో అందరూ స్కోపుల్ని తిట్టుకుంటూ అద్దాలు తుడుచుకుంటున్నారు. కృపామణి ఏదీ తుడవలేదు. బోర్డుని ఒక్కసారి స్పష్టంగా చూసుకుని, మర కొంచెం వెనక్కి తిప్పింది. బోర్డు చెదిరిపోయింది, గాలి పారింది. కొన్నిసార్లు కాల్చింది. చాలాసార్లు ఊరికే పడుకుని చూసింది.

ఫలితాల కాగితం అంటించగానే షెడ్డులోకి ఉరికింది.

"మూడు! గురువుగారూ, మూడో స్థానం!"

సాహెబు కళ్ళు చెమర్చాయి. ఆమె దోసిట్లో ఇన్ని శనక్కాయలు పోశాడు.

"రేపే ఆ పాఠం మొదట్నుంచి మళ్ళీ చెప్తాను" అంది ఆమె, సంతోషం పట్టలేక. "ఎండమావి అంటే మోసమని చెప్పుకుంటూ వచ్చా ఎనిమిదేళ్ళూ."

సాహెబు ఒక కాయ వలిచి నోట్లో వేసుకున్నాడు.

"'నేను నీళ్ళు' అని అది ఏనాడన్నా చెప్పిందా తల్లీ? మనమే అనుకుంటిమి."