పేరుకోని మైనం

హైమవతి ప్రయోగం పదకొండోసారి పాడైంది. పొడుగాటి హైడ్రోకార్బన్ గొలుసులను పెంచి గట్టి మైనం తీయడం ఆమె పరిశోధన. సీసా అడుగున రెండు చుక్కల పల్చటి నూనె ఉంది. మిగతాదంతా మీథేన్ వాయువయి గొట్టంలోంచి పోయింది.

ఆ సీసానూ, ఒక ఫిర్యాదు కాగితాన్నీ తెచ్చి గురువుగారు మొహియుద్దీన్ బల్ల మీద పెట్టింది.

"యాదగిరి గారు వేడి పెంచేస్తున్నారు సార్. ఆయన్ని ఈ ల్యాబ్ నుంచి మార్చండి. లేకపోతే నేనే మానేస్తాను."

యాదగిరి ఇరవై ఏళ్లుగా అక్కడ టెక్నీషియన్. గురువుగారు కాగితం చదివి, దాన్ని పట్టుకుని ల్యాబ్‌లోకి నడిచారు. ఆమె వెనకే వెళ్లింది. యాదగిరి రియాక్టర్ దగ్గర పానా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గొలుసు ఎలా పెరుగుతుందమ్మా?" అన్నారు గురువుగారు.

ఇప్పుడు పరీక్షలేమిటని ఆమెకు ఒళ్లు మండింది. "కోబాల్టు ఉపరితలం మీద ఒక కార్బన్ అతుక్కుంటుంది. దానికి ఇంకోటి, దానికి ఇంకోటి. ఉపరితలం పట్టుకుని ఉన్నంతసేపూ పెరుగుతుంది. వేడెక్కువైతే మొదట్లోనే తెగిపోతుంది. ఇదంతా నాకు తెలుసు సార్."

"యాదగిరీ, నువ్వు చెప్పు."

"సార్, ఆ మీటరు..."

"మీటరు కొత్తది," అంది హైమవతి.

గురువుగారు ఫిర్యాదు వెనక పెన్నుతో చిన్న గీత గీశారు. "చెప్పు."

"లోపలి తీగ..."

"తీగ నేనే పెట్టాను."

ఇంకో గీత.

"మేడమ్ నాలుగోసారి చేసినప్పుడు..."

"అప్పుడు మీరు సెలవులో ఉన్నారు."

మూడో గీత. యాదగిరి పానాను బల్ల మీద ఠపీమని పెట్టాడు. "ఏడు నెలల సంది ఇదే సార్. నోరు తెరవనిస్తలేరు."

గురువుగారు కాగితాన్ని ఆమె ముందుకు జరిపారు.

"ఏమిటీ గీతలు సార్?"

"యాదగిరి మాటలు. ఒక్కటీ పెరగలేదమ్మా."

ఆమె ముఖం కందిపోయింది. స్టూలు లాగి యాదగిరి వైపు జరిపింది. "చెప్పండి."

యాదగిరి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మూత బిగించినప్పుడల్లా వేడి కొలిచే తీగ కొన కోబాల్టు పొడిలోంచి పైకి జారుతోంది. మీటరు రెండువందల ఇరవై డిగ్రీలు చూపిస్తుంటే లోపల రెండువందల యాభై ఉంటోంది. చివరిదాకా అతని గొంతులో కోపం తగ్గలేదు. ఆమె మధ్యలో ఒక్క మాటా అనలేదు.

గురువుగారు గుమ్మం దగ్గర ఆగారు.

"వేడి తగ్గించి మళ్లీ మొదలుపెట్టమ్మా."