ఊరందరి ఎర్రపెట్ట

అనగనగా ఒక ఊళ్ళో, మనుషుల కంటే ముందు కోళ్ళు లేచి మనుషుల్ని తిట్టి లేపే ఊళ్ళో, గైరమ్మ అని ఒక పిల్ల ఉండేది. ఎంత పిల్లంటావా? నీకంటే జానెడు పొడుగు, నీకంటే మూరెడు పెంకి. ఊఁ కొడుతూ విను మరి.

గైరమ్మ లేవగానే మొహమైనా కడుక్కునేది కాదు. పెరట్లోకి ఉరికి కోళ్ళగూటి తలుపు తీసేది. ముందు డేగపుంజు దిగేది. ఒళ్ళంతా నిప్పురంగు, నడకేమో పెళ్ళికొడుకు నడక. ఆ తర్వాత పెట్టలు దిగేవి, తోసుకుంటూ, పోట్లాడుకుంటూ. అప్పుడు గైరమ్మ తవుడు తడిపి పెట్టి "బో బో బో" అని పిలిచేది. పైన గద్ద నీడ కదిలిందా, పుంజు గొంతులో గర్రుమనేది. అంతే, అన్నీ అరుగు కిందకి!

అంతా బాగానే ఉంది గానీ, ఆ ఊళ్ళో ఒక పాడు మామూలుండేది. మునసబు గారింటికి చుట్టాలొస్తే చాలు, గురువులు అనే తలారి ఊళ్ళోకి వచ్చేవాడు. కంటికి నచ్చిన కోడిని రెక్కలు పట్టుకుని తీసుకుపోయేవాడు. చుట్టాలేమో వాళ్ళకి, కోళ్ళేమో వీళ్ళవి!

"అమ్మా, మన కోడిని వాళ్ళెందుకు తింటారు?" అని అడిగింది గైరమ్మ.

"మామూలే."

"ఆ మామూలు ఎవరు పెట్టారు?"

"వాళ్ళే."

"పెట్టేటప్పుడు మనల్ని అడిగారా?"

"అడగడానికి మనమెవరమే? నోరు మూసుకుని గూడు ఊడువు."

గైరమ్మ గూడు ఊడ్చింది. నోరు మాత్రం మూసుకోలేదు.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం ఊరి మీదకి కొక్కెర తెగులొచ్చిపడింది. పొద్దున తవుడు తిన్న కోడి సాయంత్రానికి మెడ వాల్చేసేది. వానలు పడేసరికి ఇంటికొక పెట్ట మిగిలితే గొప్ప. పుంజుల్లో అయితే గైరమ్మ వాళ్ళ డేగ ఒక్కటే మిగిలింది.

అప్పుడు గైరమ్మ వాళ్ళ ఎర్రపెట్ట ఈకలు ఉబ్బించుకుని, క్లుక్కు క్లుక్కుమంటూ గుడ్ల మీద కూర్చోడానికి చోటు వెతుక్కుంది. ఊళ్ళో ఇంకే పెట్టా కూర్చోలేదు. పక్కింటి సన్యాసమ్మ ఆ సంగతి చూసి కొంగులో ఒక గుడ్డు పెట్టుకుని వచ్చింది.

"ఏమే గైరీ, మా గుడ్డు కూడా పెట్టవే నీ కోడి కింద. నీ సొమ్మేం పోదు గదా!"

ఆమె వెనక ఇంకొకామె. ఆమె వెనక ఇంకొకామె. ఊరు చిన్నదేలే, ఇంటికొక గుడ్డు చొప్పున ఎర్రపెట్ట కింద సరిగ్గా సరిపోయాయి. ఎవరి గుడ్డు వాళ్ళకి తెలియాలి కదా! అందుకని ఒకామె బొగ్గుతో గీత గీసింది. ఒకామె పసుపు చుక్క పెట్టింది. సన్యాసమ్మ సున్నపు బొట్టు పెట్టింది. ఉరుముకి గుడ్లు మురిగిపోకుండా గైరమ్మ ఎర్రపెట్ట కూర్చున్న గంపలో ఒక ఇనప ముక్క దాచింది. ఎర్రపెట్ట రెక్కలు విప్పి అన్నిటినీ కప్పేసింది. ఊరి కోళ్ళన్నీ ఇక ఆ రెక్కల కిందే, తెలిసిందా?

గుడ్లు పగిలే రోజు దగ్గరపడింది. సరిగ్గా అప్పుడే, చూడు ఖర్మ, మునసబు గారింటికి చుట్టాలు దిగారు! బండి నిండా దిగారు!

గురువులు ఊళ్ళోకి వచ్చాడు. మట్టమధ్యాహ్నం. ఇంటింటి పెట్టా వాడిని చూసి కంపమీదకొకటి, కప్పుమీదకొకటి ఎగిరిపోయింది. కదలకుండా కూర్చున్నది ఎర్రపెట్ట ఒక్కటే. గుడ్ల మీద కూర్చున్న తల్లి లేస్తుందా!

"అది గుడ్ల మీద ఉంది బాబాయ్," అంది గైరమ్మ, గంపకి అడ్డం నిలబడి. "ఇప్పుడు లేపితే లోపల పిల్లలు చచ్చిపోతాయి."

గురువులు గంప వైపు చూశాడు, గైరమ్మ వైపు చూశాడు. పొదిగే కోడిని ముట్టకూడదని వాడికి మాత్రం తెలీదూ! చెవి గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మళ్ళీ వచ్చాడు, పరుగెత్తుకుంటూ.

"పెట్ట కాకపోతే పుంజుని తెమ్మన్నారే పిల్లా!"

డేగ వింటూ ఊరుకుంటుందా? గురువులు కుడికి దూకితే అది ఎడమకి దూకింది. గురువులు పాకెక్కితే అది పందిరెక్కింది. పందిరి మీదకి చెయ్యి చాచాడు, పందిరి కూలింది, ఆనపకాయలన్నీ వాడి నెత్తిన పడ్డాయి! పుంజు పోయి ఇంటి నడికొప్పు మీద నిలబడి "కొక్కొరోకో" అంది. ఆ కూతకి ఊరు ఊరంతా నవ్వుకుంటూ గైరమ్మ పెరట్లోకి వచ్చేసింది.

అప్పుడు మూడోసారి మునసబు గారే వచ్చారు. నవ్వులు టక్కున ఆగిపోయాయి.

"ఒక్క కోడి తేలేరూ? తప్పుకోవే!" అన్నారు. వంగి, గంపలో చెయ్యి పెట్టారు.

ఎర్రపెట్ట అరవలేదు, ఎగరలేదు. ఠపీమని పొడిచింది! మునసబు గారు చెయ్యి విదిలించుకుంటూ ఎగిరారు.

"ఎవరిదిరా ఈ కోడి?" అని గర్జించారు.

 గైరమ్మ వాళ్ళమ్మ చెయ్యి వెతుక్కుంది. అమ్మ గట్టిగా పట్టుకుంది. 'మాదే' అంటే తమ ఇంటి మీద పడతారు. అయినా గైరమ్మ ఉండబట్టలేకపోయింది.

"కోడి మాది. గుడ్లు ఊరివి!" అని అరిచింది. "ఒక్క గుడ్డు చల్లారితే ఊరంతా వేడెక్కుద్ది!"

 అప్పుడు సన్యాసమ్మ గొంతు సవరించుకుంది.

"ఆ సున్నపు బొట్టుది నాది బాబూ."

"బొగ్గు గీతది నాది."

"పసుపు చుక్క మా అత్తది. అత్తే వస్తోంది చూడండి, కర్ర పట్టుకుని!"

ఒక్కొక్కరే ముందుకొచ్చారు. గంప చుట్టూ మనుషుల దడి కట్టినట్టయింది. చివరికి గురువులు ఆనపతీగ మెడలోంచి తీసుకుంటూ, "ఆ మూడు గీతలది... మా ఆవిడదండి," అన్నాడు.

ఊరు గొల్లున నవ్వింది.  ఒక ఇంటిని భయపెట్టడం మునసబు గారికి అలవాటే. ఇన్ని ఇళ్ళని ఒక్కసారి భయపెట్టడం ఎలాగో ఎవరూ నేర్పలేదు పాపం! గిరుక్కున తిరిగి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత రెండు రోజులకి, గంపలోంచి కిచ్‌మంది! గైరమ్మ చెవి పెట్టింది. కిచ్! కిచ్ కిచ్! "అమ్మా! సన్యాసమ్మత్తా! రండి రండి రండి!" పెంకులు పగులుతున్నాయి, తడి ముక్కులు బయటికొస్తున్నాయి, పచ్చవి, నల్లవి, చారలవి! ఊరంతా గంప చుట్టూ మూగింది.

"నా పిల్లేదే?" అంది సన్యాసమ్మ.

అప్పుడు చూసుకున్నారు. గీతలూ చుక్కలూ పెంకుల మీద ఉన్నాయి. పిల్లలేమో పెంకుల్లోంచి బయటికొచ్చేసి తల్లి కింద కలిసిపోయాయి!

"ఓసి మన తెలివి తెల్లారా! గుర్తులు పెంకులకి పెట్టుకున్నామే!" అని సన్యాసమ్మ నెత్తి కొట్టుకుంది. కొట్టుకుంటూనే పడీపడీ నవ్వింది.

"గుర్తెందుకత్తా?" అంది గైరమ్మ. "అందరం నూకలు వేద్దాం. అందరివీ అనుకుందాం."

అలాగే అనుకున్నారు. పిల్లలు ఒక ఇంట్లో నూకలు తిన్నాయి, ఒక ఇంట్లో నీళ్ళు తాగాయి, ఇంకో ఇంటి పెంట తవ్వి పురుగులేరుకున్నాయి. పెరిగాయి. గుడ్లు పెట్టాయి. ఊరు మళ్ళీ కోళ్ళ ఊరయింది.

అప్పుడు మునసబు గారింటికి మళ్ళీ చుట్టాలొచ్చారు. గురువులు మళ్ళీ బయలుదేరాడు.

మొదటి ఇంట్లో, "నా ఒక్కదానిదే కాదు, పక్కింట్లో అడుగు," అన్నారు. పక్కింట్లో, "వాళ్ళొప్పుకుంటే చాలదు, ఎదురింట్లో అడుగు," అన్నారు. ఎదురింట్లో గైరమ్మ కూర్చుని తవుడు తడుపుతోంది. "అందరూ ఇస్తామంటే ఇస్తాం బాబాయ్. నువ్వేమంటావు? నీకూ ఉందిగా వాటా!" అంది.

గురువులు చెవి గోక్కున్నాడు. "నేను ఇవ్వనే," అన్నాడు.

తిరిగి వెళ్ళి మునసబు గారి ముందు నిలబడ్డాడు.

"అయ్యా, ఊరి నిండా కోళ్ళే ఉన్నాయి. కానీ పట్టుకురావడానికి ఒక్కడి కోడీ లేదండి."

"అయితే అందర్నీ పిలు! నేను మాట్లాడతాను!"

"పిలిచానండి. వచ్చారండి. బయట ఉన్నారు."

మునసబు గారు కిటికీలోంచి తొంగి చూశారు. సన్యాసమ్మ, కర్ర పట్టుకున్న అత్త, గైరమ్మ, వాళ్ళమ్మ, ఇంకా చంకలో పిల్లలతో, చేతుల్లో కొడవళ్ళతో పొలం నుంచి అటే వచ్చేసిన వాళ్ళు, వీధి చివరిదాకా జనం. ఎవరూ అరవడం లేదు. తలలు వంచుకోవడమూ లేదు.

మునసబు గారు మెల్లిగా కిటికీ వేసేశారు. వంటింటి వైపు తిరిగి, "ఏమేవ్," అన్నారు, "చుట్టాలకి పప్పులో ఇంకో చెంబుడు నీళ్ళు పొయ్యి."

కోడి గూటికి, మామూలు కాటికి,
కథ కంచికి, కునుకు నీ కంటికి.